నెత్తురెక్కడిది

మూడు నెలలుగా నిరోషకు నెత్తురు ఆగడం లేదు.

నెలకు ఐదు రోజులు కనిపించాల్సింది ఇరవై రోజులు కనిపిస్తోంది. ఒకరోజు లేత ఎరుపు మరక, ఒకరోజు గోధుమరంగు చార, మరుసటి రోజు ఏమీ ఉండదు. నడుము కింద ఆమెకు స్పర్శ సరిగా తెలియదు. నొప్పి ఉందా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తోచదు. బట్ట చూసుకుంటే తప్ప ఆమెకు తన ఒంటి సంగతి తెలియదు.

ఇరవై తొమ్మిదేళ్ళ కింద వీపు కింది భాగంలో నిమ్మకాయంత నీటి బుగ్గతో పుట్టింది. తల్లి కడుపులో ఉండగా వెన్నెముక ఒకచోట మూసుకోలేదని డాక్టర్లు చెప్పారు. హైదరాబాదు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయిస్తే ప్రాణం నిలిచింది గానీ కాళ్ళకు బలం సగమే వచ్చింది. మోకాళ్ళ దాకా ఇనుప పట్టీలున్న బూట్లు వేసుకుని, కుడిచేత కర్ర పట్టుకుంటే నడుస్తుంది. మూత్రం దానంతట అది పూర్తిగా రాదు. పదేళ్ళప్పుడు ఒక నర్సు సన్నటి పైపు పెట్టుకుని తీసుకోవడం నేర్పింది. అప్పటి నుంచి నాలుగు గంటలకొకసారి అదే పని. బడికి పోయినా, పెళ్ళికి పోయినా ఆమె సంచిలో పైపు, సబ్బుబిళ్ళ, నీళ్ళ సీసా ఉంటాయి.

మర్రిగూడలో ఈ జబ్బు ఎవరికీ అర్థం కాలేదు. ఆ మండలంలో కాళ్ళు వంకరగా ఉన్నవాళ్ళందరి జబ్బుకూ ఒకటే పేరు, ఫ్లోరైడ్. నిరోష తల్లి అరుణమ్మకు నిజంగానే ఆ నీళ్ళ జబ్బుంది. మెడ తిరగదు, మోకాళ్ళు వంగవు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. ఒకప్పుడు పేపరువాళ్ళు వచ్చి తల్లీకూతుళ్ళను ఒకే మంచం మీద కూర్చోబెట్టి ఫోటో తీశారు. "మా బిడ్డది గది గాదు సారూ" అని అరుణమ్మ చెప్తూనే ఉంది. అయినా ఫోటో కింద ఫ్లోరైడ్ అనే రాశారు. ఇప్పుడు ఇంటింటికీ నల్లా నీళ్ళు వస్తున్నాయి, కొత్తగా పుట్టిన పిల్లల కాళ్ళు నిటారుగానే ఉన్నాయి. నిరోషను చూసి ఎవరైనా "అయ్యో, ఆ నీళ్ళేనా?" అంటే ఆమె సరిదిద్దడం ఎప్పుడో మానేసింది.

తండ్రి లేడు. అన్న మహేష్ షాద్‌నగర్‌లో ఒక కంపెనీలో పనిచేస్తూ భార్యాపిల్లలతో అక్కడే ఉంటాడు. నిరోష మర్రిగూడ బస్టాండు దగ్గర పరమేష్ నడిపే ఆన్‌లైన్ సెంటర్‌లో కూర్చుని జనానికి దరఖాస్తులు నింపిపెడుతుంది. ఊళ్ళో సగం మంది పుట్టినరోజులు ఆమెకు నోటికి వచ్చు. తన పని తాను చేసుకుంటుంది. కానీ బరువైన దుప్పట్లు ఉతికి పిండడం ఆమె వల్ల కాదు, నిలబడి రెండు చేతులూ వాడితే పడిపోతుంది. ఆ పని అరుణమ్మదే.

ఆ పొద్దున అరుణమ్మ వాకిట్లో దుప్పటి పిండుతుంటే పక్కింటి అండాలు వచ్చి రెండో కొస పట్టుకుంది.

"మల్లనా అక్కా?"

"మల్లనే. నిన్న మాపటికి ఏసిన, పొద్దుగాల తీసిన."

"ఎన్ని దినాలు పిండుతవు గిట్ల? గర్భసంచి తీపియ్యరాదు. నాది ముప్పై దాటకముందే తీసిన్రు. ఒక్కపారి కోస్తె అయిపాయె, ఇగ ఫికరే లేదు."

"నీకు ఇద్దరు పుట్టినంక తీసిన్రు."

"దానికేం పుట్టేదున్నది?"

అండాలు చెడ్డ మనసుతో అనలేదు. దుప్పటిని తీగ మీద ఆరేసి, అరుణమ్మ చేతిలోంచి బకెట్ తీసుకుని లోపల పెట్టి మరీ వెళ్ళింది. గదిలో బూట్ల పట్టీలు బిగించుకుంటున్న నిరోషకు ఆ మాట వినిపించింది. కోపం రావాలి గానీ రాలేదు. ఆ మధ్య ఆమెకు ఏ పనికీ ఒంట్లో సత్తువ ఉండటం లేదు. మధ్యాహ్నాలు చలిజ్వరం వచ్చి పోతోంది. నిజమే కదా, దీంతో నాకేం పని అనుకుంది.

మహేష్ సెలవు పెట్టి వచ్చి తల్లినీ చెల్లెల్నీ ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంకు తీసుకెళ్ళాడు. అక్కడ పరీక్ష బల్ల ఛాతీ ఎత్తున ఉంది. ఇద్దరు ఆయాలు ఒకరు చంకల కింద, ఒకరు తొడల కింద పట్టి ఆమెను బల్ల మీదికి ఎత్తారు. అడిగి ఎత్తలేదు. డాక్టరమ్మ చూసినంతసేపూ అరుణమ్మతోనే మాట్లాడింది.

"పోలియోనా?"

"కాదమ్మా, ఎన్నుల బుగ్గతోని పుట్టింది."

"పెళ్ళి కాలేదు కదా?"

"లేదమ్మా."

స్కానింగ్ గదిలో అబ్బాయి నీళ్ళు తాగి మూత్రం ఆపుకోమన్నాడు. ఆపుకోవడం తనకు చేతకాదని నిరోష చెప్పింది. అతనికి బయట చాలామంది ఉన్నారు, సరేలే అని అలాగే తీసేశాడు. రిపోర్టు చూసి డాక్టరమ్మ గర్భసంచిలో చిన్న గడ్డ ఉందంది.

"మందులు పెట్టి లాగడం ఎందుకమ్మా? గర్భసంచి తీసేస్తే నెలనెలా మీకు ఈ చాకిరీ ఉండదు. ఆమెకు ఎట్లాగూ దాంతో పనిలేదు."

 అరుణమ్మ ముఖం తేలికపడింది. నిరోష అది చూసింది. తల్లి ముఖంలో అంత తెరిపి చూసి చాలా ఏళ్ళయింది. అందుకే ఏమీ అడగకుండా ఊరుకుంది. పది రోజుల తర్వాతి గురువారానికి ఆపరేషన్ ఖాయం చేశారు.

శనివారం సెంటర్ వెనక బాత్రూంలో నల్లా రాలేదు. మామూలుగా నిరోష పైపు కొసను తూములోకి వదిలేసి, నీళ్ళు కొట్టి వచ్చేస్తుంది. ఆ గదిలో బల్బు కూడా ఉండదు, ఇంటి బాత్రూంలోనూ వెలుతురు తక్కువే. ఆ రోజు నీళ్ళు లేవు కాబట్టి, ఖాళీ సీసాలో పట్టి బయట పారబోద్దామనుకుంది. సీసా నిండాక బయటికి తెచ్చేసరికి ఎండ దాని మీద పడింది.

సీసాలో ఉన్నది దానిమ్మ రసంలా ఉంది.

ఆమె గోడకు ఆనుకుని నిలబడిపోయింది. పైపు వెళ్ళేది మూత్రసంచిలోకి. ముట్టు నెత్తురు వచ్చే దారి వేరు. పదేళ్ళప్పుడు ఆ నర్సు అద్దం పెట్టి మరీ చూపించింది, ఏ దారి ఎక్కడుందో. మరి ఈ నెత్తురు పైపులోంచి ఎందుకు వస్తోంది?

మూడు రోజులు తనను తానే పరీక్షించుకుంది. ప్రతిసారీ గాజు సీసాలోనే పట్టింది. ముట్టు వచ్చే దారిలో దూది పెట్టుకుని చూసింది. దూది తెల్లగానే బయటికి వచ్చింది. సీసా ఎర్రగా ఉంది, అడుగున ఇసుకలాంటిది పేరుకుంది. పైపు పక్కల నుంచి కారిన చుక్కలే బట్టను తడుపుతున్నాయి. వాటినే ఇంటిల్లిపాదీ ముట్టు అనుకున్నారు. తనూ అనుకుంది.

ఆ తర్వాత స్కానింగ్ రిపోర్టు తెరిచి ఇంగ్లిషులో ఉన్న ప్రతి లైనూ చదివింది. రోజంతా కాగితాలు చదివే పనే కాబట్టి అది ఆమెకు కష్టం కాలేదు. గర్భసంచిలో గడ్డ సెంటీమీటరు కంటే చిన్నదని ఉంది. దాని కింద ఇంకో లైనుంది. మూత్రాశయం నిండలేదు కాబట్టి చూడటం వీలుకాలేదు.

సాయంత్రం అరుణమ్మకు సీసా చూపించింది.

"అమ్మా, గిది ముట్టు గాదు. మూత్రంల నుంచి వస్తుంది."

అరుణమ్మ మనిషి మొత్తం తిరిగి సీసా వైపు చూసింది.

"అంత పెద్ద డాక్టరమ్మకు తెల్వదా? అన్నీ ఒక్క జాగల్నే ఉంటయి. కలిసి వస్తుండొచ్చు."

"కలిసి రాదమ్మా."

"మీ అన్న లీవు పెట్టిండు. దినం ఖాయమైంది. ఇప్పుడు నువ్వు గిట్లంటె ఎట్ల?"

నిరోష ఇంక వాదించలేదు. ఒంట్లో జ్వరం ఉంది. డాక్టరమ్మకు చూపిస్తే ఆమే ఒప్పుకుంటుంది, అక్కడే చెబుదాం అనుకుని సీసాకు మూత బిగించింది.

గురువారం ఉదయం నర్సింగ్‌హోంలో ఆమెకు ఆకుపచ్చ గౌను తొడిగించి, బూట్లు విప్పించి మంచం కిందికి నెట్టారు. బూట్లు లేకపోతే ఆమె ఎక్కడికీ కదలలేదు. నర్సు కాగితాలు తెచ్చి అరుణమ్మ ముందు పెట్టింది.

"ఇక్కడ సంతకం చెయ్యమ్మా. రాకుంటే వేలిముద్ర వెయ్యి."

"పేషెంటు నేను" అంది నిరోష.

నర్సు ఆమె వైపు చూసింది, అప్పుడే అక్కడొక మనిషి ఉన్నట్టు గమనించినట్టుగా. "పెద్దవాళ్ళు చేస్తే సరిపోతదమ్మా."

"నాకు ఇరవై తొమ్మిదేండ్లు. కాయిదం నాకియ్యి. డాక్టరమ్మను పిలువు."

డాక్టరమ్మ వచ్చేసరికి అరగంట పట్టింది. నిరోష సంచిలోంచి సీసా తీసి చూపించింది. పైపు సంగతి, దూది సంగతి, రిపోర్టులో రెండో లైను, అన్నీ వరసగా చెప్పింది. సెంటర్‌లో దరఖాస్తు తప్పని చెప్పేటప్పుడు మాట్లాడినట్టే నెమ్మదిగా మాట్లాడింది.

"ఇన్‌ఫెక్షన్ ఉంటది, దానికి వేరే మందులిస్తం" అంది డాక్టరమ్మ. "ముందు ఇది కానియ్యి. థియేటర్ రెడీగా ఉంది."

"నెత్తురు గర్భసంచిలకెల్లి వస్తలేదు గదా మేడం. మరి గది ఎందుకు తియ్యాలె?"

"తీస్తే నష్టమేంది నీకు?"

 పెళ్ళి గురించి గానీ పిల్లల గురించి గానీ నిరోష ఎప్పుడూ గట్టిగా ఆలోచించలేదు, ఎవరూ ఆలోచించనివ్వలేదు. అయినా నోట్లోంచి వచ్చిన మాట స్థిరంగానే వచ్చింది.

"నేను సంతకం పెట్ట."

డాక్టరమ్మ చేతులు విదిలించి వెళ్ళిపోయింది. మహేష్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అరుణమ్మ మాత్రం వంగలేని నడుముతోనే మంచం పట్టీ పట్టుకుని కూతురి ముఖం దగ్గరికి వచ్చింది.

"నాకు శాతనైతలేదు బిడ్డా" అంది. గొంతు పెద్దది చేయలేదు. "నీ బట్టలు పిండి పిండి నా చేతులు చూడు, మూస్తె తెరుచుకుంటలెవ్వు. రేపు నేను పోతె ఎవలు జేస్తరు? ఇదొక్కటన్న తగ్గితె అని గంతే. నీ మీద కోపం గాదు."

"తెల్సమ్మా."

"తెల్సి గూడ ఒద్దంటున్నవా?"

"ఒద్దు."

మహేష్ కిందికి వంగి మంచం కింది నుంచి బూట్లు తీశాడు. అతనే ఆమె కాళ్ళకు తొడిగి, పట్టీలు ఒక్కొక్కటే బిగించాడు. ముగ్గురూ బస్సెక్కి ఇంటికి వచ్చేశారు.

తర్వాతి రెండు వారాలు తల్లి ఆమెతో అవసరమైన మాటలే మాట్లాడింది. అన్నం పెట్టింది, దుప్పట్లు ఉతికింది. ఉతికేటప్పుడు మునుపటికంటే గట్టిగా బండకేసి బాదింది. జ్వరం ఎక్కువైన రోజున నిరోష చిన్నప్పుడు తనకు ఆపరేషన్ చేసిన హైదరాబాదు పిల్లల ఆసుపత్రికి ఫోన్ చేసింది. పద్దెనిమిది దాటినవాళ్ళను తమ దగ్గర చూడరని అవతలి మనిషి మర్యాదగానే చెప్పింది. మరెక్కడికి పోవాలని అడిగితే, పెద్దవాళ్ళ ఆసుపత్రికి అంది. ఏ డాక్టర్ దగ్గరికి అని అడిగితే ఆమెకూ తెలియలేదు.

పరమేష్ తనకు తెలిసినవాళ్ళను అడిగి ఒక పెద్ద ఆసుపత్రి పేరు చెప్పాడు. సెంటర్ రెండు రోజులు మూసుకుంటానన్నాడు. "నువ్వు లేకుంటే మూసుడే గదమ్మా, నాకు గా వెబ్‌సైట్లు తెరుసుడు రాదు" అన్నాడు.

ఒక సోమవారం తెల్లవారకముందే లేచి, మొదటి బస్సెక్కి తల్లీకూతుళ్ళు హైదరాబాదు వెళ్ళారు. అరుణమ్మను రమ్మని ఎవరూ అనలేదు. తనే చీర మార్చుకుని బస్టాపు దగ్గర నిలబడింది.

ఆసుపత్రిలో ఓపీ చీటీ రాసే మనిషి నెత్తురు అనగానే స్త్రీల విభాగానికి రాశాడు. అక్కడ రెండు గంటలు కూర్చున్నాక, పెళ్ళయిందా అని అడిగి, లేదంటే ఎముకల విభాగానికి పొమ్మన్నారు. కాళ్ళు చూసి అలా అన్నారు. ఎముకల విభాగం రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ దగ్గర పొడవాటి వరస ఉంది. వీల్‌చైర్ అడిగితే దాన్ని నెట్టే మనిషి భోజనానికి వెళ్ళాడన్నారు. నిరోష మెట్లెక్కింది. ఒక్కో మెట్టుకు కర్ర, తర్వాత ఎడమకాలు, తర్వాత కుడికాలు. వెనక అరుణమ్మ రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, మోకాళ్ళు మడవకుండా పక్కపక్కగా ఎక్కింది. పైకి చేరాక ఇద్దరూ బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగారు. అప్పటికి పైపు పెట్టుకోవాల్సిన వేళ దాటిపోయింది. ఆ అంతస్తులో ఆడవాళ్ళ బాత్రూంకు తాళం వేసి ఉంది.

"ఇంటికి పోదాం పా" అంది అరుణమ్మ.

నిరోషకూ అదే అనిపించింది. కానీ లేచి నిలబడాలన్నా ఓపిక లేక అలాగే కూర్చుంది. కూర్చున్నచోటి నుంచే ఒక ఆయాను తాళంచెవి అడుగుతుంటే, ఆ దారిన పోతున్న ఒక లేడీ డాక్టర్ ఆగింది. ఆమె మెడలోని కార్డు మీద నవనీత అని ఉంది. మూత్ర సంబంధమైన జబ్బుల డాక్టర్.

"బాత్రూంల ఎంతసేపు పడుతది నీకు?" అని అడిగింది.

"పదిహేను నిమిషాలు మేడం. పైపు పెట్టుకోవాలె."

"రోజుకెన్నిసార్లు పెట్టుకుంటవు?"

అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అది. నిరోష చెప్పడం మొదలుపెట్టింది. డాక్టర్ నవనీత ఆమెను తన గదికి తీసుకెళ్ళి, ముందు అక్కడి బాత్రూం చూపించి, ఆ తర్వాత అంతా విన్నది. ఆమెది మహబూబ్‌నగర్ వైపని మాటలో తెలుస్తోంది. రబ్బరు బెలూన్ ఊదితే పెదాలు వాచేవా అని అడిగింది. చిన్నప్పుడు జాతరలో ఊదితే ముఖమంతా వాచిందని అరుణమ్మ చెప్పింది. డాక్టర్ వెంటనే వేసుకున్న రబ్బరు గ్లోవ్స్ తీసేసి వేరే రకం తెప్పించుకుంది. ఇట్లా పుట్టినవాళ్ళలో చాలామందికి రబ్బరు పడదనీ, ఆపరేషన్ బల్ల మీద అది ప్రాణం మీదికి తెస్తుందనీ చెప్పింది. అదే మాట ఫైలు అట్ట మీద ఎర్ర పెన్నుతో రాసింది.

ఎక్స్‌రే తీశారు. మూత్రసంచిలో కోడిగుడ్డంత రాయి తెల్లగా కనిపించింది.

"ఇదే నీ నెత్తురు" అంది నవనీత. "పైపు వాడేటోళ్ళకు వస్తుంటయి. వేరేటోళ్ళకైతే నొప్పికి నేల మీద దొర్లుతరు. నీకు తెల్వదు గదా, అందుకే గింత పెరిగింది. నీకు ఆఖరు స్కాన్ ఎప్పుడు తీసిన్రు?"

"పద్దెనిమిదేండ్లప్పుడు."

"తర్వాత?"

"పిల్లల దవాఖానోళ్ళు నువ్వు పెద్దదానివైనవు, ఇగ రావద్దన్నరు. ఎక్కడికి పోవాల్నో చెప్పలె."

డాక్టర్ పెన్ను మూత పెట్టింది. "ఎవరూ చెప్పరు" అంది. "ఏడాదికొకసారి కిడ్నీలు చూపెట్టుకోవాలె. బతికినన్ని రోజులు."

ఎనిమిది రోజుల తర్వాత రాయి తీశారు. వీపులో సూది ఇచ్చే వీలు లేదు కాబట్టి పూర్తి మత్తు ఇచ్చారు. రబ్బరు గాలి కూడా తగలకుండా ఆమెను ఆ రోజు అందరికంటే ముందు థియేటర్‌లోకి తీసుకెళ్ళారు. ఎడమ కిడ్నీ కొంత దెబ్బతిన్నదని తర్వాత తెలిసింది. ఆ పోయిన భాగం తిరిగి రాదు. రెండేళ్ళ ముందు చూపించి ఉంటే పోయేది కాదేమో.

డిశ్చార్జికి ముందురోజు నవనీత వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. గర్భసంచి గురించి మాట్లాడాలంది.

"నీ గర్భసంచి మంచిగనే ఉన్నది. ఆ చిన్న గడ్డ ఏం చెయ్యదు. ముట్టు కష్టమైతుంటె తక్కువ చేసే మందులున్నయి, కొయ్యనవసరం లేదు. ఎప్పుడన్న పెండ్లి చేసుకోవాలనుకుంటె, పిల్లలు కావాలనుకుంటె, మూడు నెలల ముందుగాల్నే ఎవరన్న డాక్టర్ దగ్గరికి పో. ఫోలిక్ గోలీలు పెద్ద డోసు మింగాలె. కిడ్నీలు చూసుకుంట ఉండాలె. కష్టమే, కాని కానిది గాదు."

నిరోష దుప్పటి అంచు మడతపెడుతూ విన్నది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఈ సంగతి ఆమెతో మాట్లాడిన మొదటి మనిషి ఈమే. సంతోషం కలగలేదు. ఎవరో తలుపు తీసి లోపల ఇంకో గది చూపించినట్టు, ఆ గదిని ఊడవడానికి ఒంట్లో శక్తి లేనట్టు ఉంది.

"పుట్టేటోళ్ళకు గూడ నాలెక్కనే అయితదా మేడం?"

"మామూలు వాళ్ళకంటె ఎక్కువ భయమే. వందల నలుగురైదుగురికి. గోలీలు మింగితె ఇంకా తగ్గుతది."

మూలన కూర్చున్న అరుణమ్మ అప్పుడు లేచింది. మనిషి మొత్తం డాక్టర్ వైపు తిరిగింది.

"అమ్మా, ఒక్క మాట అడుగుత. అది కడుపుల ఉన్నప్పుడు నేనేం తప్పు జేసిన?"

"ఏం తప్పు చెయ్యలె."

"నీళ్ళతోని గాదా?"

"మెడ, మోకాళ్ళు మీకు నీళ్ళతోని అయినయి. బిడ్డది నీళ్ళతోని గాదు. కడుపు పడ్డ నెలలోపలనే వెన్ను మూసుకోవాలె. మూసుకోలె. ఎందుకంటె చాలాసార్లు మాకూ తెల్వదు. ఆ గోలీలు ముందుగాల మింగితె కొందరికి ఆగుతది."

"మాకు గా గోలీలు ఎవలిచ్చిన్రు? కడుపైందని తెలిసేటాల్లకే మూడో నెల వడ్డది."

"అందుకే తప్పు మీది గాదంటున్న."

 అప్పట్లో అరుణమ్మ అత్తగారు గ్రహణమంది, ఊరు నీళ్ళంది, మొగుడు బతికున్నన్నాళ్ళూ ఏమీ అనకుండా ఆమె వైపు చూసేవాడు. ఆమె కడుపుతో ఉండగా తను బరువులు మోసింది గుర్తు చేసుకుంది, కలుపు తీస్తూ ఎండలో పడిపోయింది గుర్తు చేసుకుంది. ఇన్నేళ్ళూ ప్రతి దుప్పటీ తన తప్పు కడుక్కుంటున్నట్టే ఉతికింది. తప్పు లేదని ఇప్పుడు చెప్పినంత మాత్రాన ఆ ఏళ్ళు తిరిగి రావు. కుర్చీ వెతుక్కుని మెల్లగా కూర్చుని, కొంగుతో ముఖమంతా తుడుచుకుంది. డాక్టర్ వెళ్ళిపోయాక కూతురితో అంది.

"గా దినం సంతకం పెట్టి ఉంటె..."

"పెట్టలేదు గదా అమ్మా."

"నేను పెడుదును."

"తెల్సు. నాకూ పెట్టాలనే అనిపించింది."

అరుణమ్మ ఆ మాటకు తల ఎత్తి చూసింది. "నీకూనా?"

"నీ మొకం చూసినంక."

 ఇంటికి వచ్చాక నిరోష నెల రోజులు కదలకుండా ఉంది. మహేష్ బట్టలుతికే మెషిన్ తెచ్చి వాకిట్లో పెట్టించాడు. అండాలు అది తిరుగుతుంటే చూడటానికి వచ్చి, తన చీరలు కూడా తెచ్చి వేసింది. నెత్తురు మళ్ళీ నెలకు ఐదు రోజులకే వచ్చింది. జ్వరం పోయింది. కానీ పోయిన బలం పూర్తిగా రాలేదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి నిరోష సెంటర్‌లో బల్ల మీద తలవాల్చి కాసేపు పడుకుంటోంది. పరమేష్ చూసీ చూడనట్టు ఉంటాడు.

సెంటర్‌లో ఖాళీగా ఉన్న ఒక రోజు తన జబ్బు చరిత్ర మొత్తం రెండు పేజీలు టైపు చేసింది. ఏ వయసులో ఏ ఆపరేషన్, ఏ మందు పడదు, ఏ రకం గ్లోవ్స్ వాడాలి, పైపు ఎన్ని గంటలకు, రాయి ఎప్పుడు తీశారు, ఎడమ కిడ్నీ ఎంత పనిచేస్తోంది. పది కాపీలు తీసి కవరులో పెట్టుకుంది.

ఏడాది తర్వాత స్కాన్‌కు ఒక్కతే వెళ్ళింది. అరుణమ్మ వస్తానంది గానీ ఆ వారం ఆమె మోకాళ్ళు బాగా వాచి ఉన్నాయి. డాక్టర్ నవనీత వేరే ఊరికి బదిలీ అయిందట. ఆ గదిలో ఇప్పుడొక యువ డాక్టర్ ఉన్నాడు. అతను ఫైలు తిరగేసి, ఫైల్లో సగం కాగితాలు లేవని చెప్పి, మొదటి నుంచి ఏం జరిగిందో చెప్పమన్నాడు. నిరోష కవరులోంచి ఒక కాపీ తీసి బల్ల మీద పెట్టింది. అతను మొదటి పేజీ మొత్తం చదివాడు. రెండో పేజీలో కాస్త ఆగాడు.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే సార్."

"నేను చదువుకునేటప్పుడు ఈ జబ్బు గురించి పిల్లల పుస్తకంలోనే ఉంది" అన్నాడు అతను, కొంచెం మొహమాటంగా. "పెద్దయ్యాక ఏం చెయ్యాలో ఎక్కడా చదవలేదు. ఈ కాగితం నేను ఉంచుకోవచ్చా?"

"ఉంచుకోండి. ఇంకా ఉన్నయి."

స్కాన్‌లో కొత్త రాళ్ళు లేవు. ఎడమ కిడ్నీ అలాగే ఉంది, దిగజారలేదు. నిరోష పెళ్ళి గురించి, పిల్లల గురించి అడుగుదామనుకుని వెళ్ళింది గానీ, బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపు తోస్తుంటే లేచి వచ్చేసింది. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఇబ్రహీంపట్నం దాటగానే నిద్రపోయింది, మర్రిగూడలో కండక్టర్ లేపితే లేచింది.

ఇంట్లో అరుణమ్మ మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"ఏమన్నరు?"

"మంచిగనే ఉన్నదన్నరు. మల్ల వచ్చే ఏడాది రమ్మన్నరు."

"వచ్చే ఏడాది" అంది అరుణమ్మ. అటు తిరిగి అన్నం గిన్నె మీది మూత తీసింది. "బూట్లు ఇప్పు ముందుగాల. కాళ్ళు చూసుకో, ఏమన్న కోసుకపోయినయేమో."

నిరోష గోడకు ఆనుకుని కూర్చుని ఒక్కో పట్టీ విప్పింది. కుడి మడమ దగ్గర చిన్నగా తోలు లేచింది. ఆమెకు ఏమీ తెలియలేదు. తల్లి దూది, మందు అందించింది. గాయం కడిగి కట్టుకట్టాక ఇద్దరూ అన్నం తిన్నారు.